మగ్గం ఆగింది, ఊరు మిగిలింది: ఇంగ్లాండు పాత పల్లెల అందం వెనుక ఉన్న లెక్క

క్లుప్తంగా: తూర్పు ఇంగ్లాండులోని లావెన్‌హామ్ లాంటి ఊళ్లు ఐదు వందల ఏళ్ల నాటి రూపంతో ఇప్పటికీ నిలబడి ఉండటానికి మూడు కారణాలు కలిసొచ్చాయి. ఉన్ని వ్యాపారం ఊరిని కొన్ని దశాబ్దాల్లోనే సంపన్నం చేసింది. ఆ వ్యాపారం కూలిపోయాక పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత ఎవరికీ లేకుండా పోయింది. ఇరవయ్యో శతాబ్దంలో ట్రస్టులు, చట్టాలు వచ్చి మిగిలినదాన్ని కాపాడాయి. ఆ కాపలాకు అయ్యే ఖర్చును ఇప్పుడు అక్కడ ఉంటున్నవాళ్లు, అక్కడే ఉండాలనుకున్నా ఇల్లు దొరకనివాళ్లు మోస్తున్నారు.

పక్కకు ఒరిగిన చెక్క ఇళ్లు, తేనె రంగు రాతి గోడలు, గులాబీ తీగ పాకిన గుమ్మాలు. బ్రిటన్‌లో ఉండే తెలుగు కుటుంబాలు వారాంతంలో పెట్టే ఫోటోల్లో ఇలాంటి ఊళ్లు తరచూ కనిపిస్తుంటాయి. వాటి కింద వచ్చే ప్రశ్నలూ దాదాపు ఒకటే. ఇది సినిమా సెట్టా? ఇక్కడ నిజంగా మనుషులు ఉంటున్నారా? ప్రభుత్వమే డబ్బు పెట్టి ఇలా ఉంచుతోందా? వాళ్లకు పాతవంటే అంత ఇష్టమా?

మనుషులు ఉంటున్నారు. పన్నులు కడుతున్నారు, పిల్లల్ని ఊరి బడికి పంపుతున్నారు. చాలా ఇళ్లు ప్రైవేటు ఆస్తులే. ఇక ఇష్టం సంగతికొస్తే, అది చాలా ఆలస్యంగా వచ్చింది. ఈ ఊళ్లను మొదటి మూడు వందల ఏళ్లు నిలబెట్టింది అభిమానం కంటే ఎక్కువగా చేతిలో డబ్బు లేకపోవడం. అది ఎలా జరిగిందో చూడటానికి సఫక్ కౌంటీలోని లావెన్‌హామ్ కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఉన్ని కట్టిన ఊరు

లావెన్‌హామ్ జనాభా ఇప్పుడు సుమారు 1,700. మన లెక్కలో ఒక మోస్తరు పంచాయతీ. కానీ ఆ కొద్దిపాటి వీధుల్లో చట్టం రక్షణ ఉన్న చారిత్రక కట్టడాలు 300కు పైగా ఉన్నాయి. 1257లో సంత పెట్టుకునే హక్కు పొందిన ఈ ఊరు పదిహేనో శతాబ్దం చివరికి ఇంగ్లాండులోనే పేరున్న బట్టల కేంద్రంగా ఎదిగింది. నీలి రంగు వేసిన మందపాటి ఉన్ని బట్ట, అంటే బ్రాడ్‌క్లాత్, ఇక్కడి ప్రత్యేకత. ఆ నీలం ఓడ్ అనే మొక్క ఆకుల నుంచి తీసేవారు. 1520ల నాటి పన్ను లెక్కలను బట్టి చరిత్రకారులు లావెన్‌హామ్‌ను దేశంలో 14వ సంపన్న పట్టణంగా లెక్కగడతారు. కోటలు, కెథడ్రళ్లు ఉన్న పెద్ద ఊళ్లు కొన్ని ఆ జాబితాలో దీని కిందే ఉన్నాయి.

ఇంత డబ్బు ఇంత చిన్న ఊరికి రావడానికి కారణం పని జరిగిన పద్ధతి. క్లాతియర్ అని పిలిచే వ్యాపారి ముందుగా పచ్చి ఉన్ని కొనేవాడు. దాన్ని దువ్వేవాళ్లకు, తర్వాత నూలు వడికేవాళ్లకు ఇచ్చేవాడు. వడకడం ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు చేసే పని. ఆ నూలు నేతగాళ్ల ఇళ్లకు వెళ్లేది. నేసిన బట్టను నీళ్లలో తొక్కి, దట్టం చేసి, ఆరబెట్టి, కత్తిరించి చివరికి లండన్ వర్తకులకు అమ్మేవాడు. సరుకు మొదటి నుంచి చివరి దాకా క్లాతియర్‌దే. పని మాత్రం చుట్టుపక్కల వందలాది ఇళ్లలో జరిగేది. చేనేతలో మాస్టర్ వీవర్ పద్ధతి తెలిసిన తెలుగు పాఠకులకు ఇది కొత్తగా అనిపించదు. లాభం పైన ఒకచోట పోగుపడుతుంది, కూలి కింద పలచగా పంచబడుతుంది.

ఆ పైన పోగుపడిన డబ్బుకు పేరు స్ప్రింగ్ కుటుంబం. 1523లో చనిపోయిన థామస్ స్ప్రింగ్ ప్రభువుల వర్గం బయట ఇంగ్లాండులో అత్యంత ధనవంతుల్లో ఒకడు. ఊరి చర్చి గోపురం 141 అడుగులు, సుమారు 43 మీటర్లు. చుట్టూ మైళ్ల దూరం పొలాల మీద నుంచి కనిపిస్తుంది. దాని నిర్మాణానికి ఒకవైపు ఆ ప్రాంతపు జమీందార్లయిన డి వేర్ వంశం, అంటే ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్‌లు, మరోవైపు స్ప్రింగ్ కుటుంబం డబ్బు పెట్టాయి. చర్చి రాళ్ల మీద ఎర్ల్‌ల నక్షత్రం గుర్తు చెక్కి ఉంటుంది. గోపురం మీద స్ప్రింగ్‌ల గుర్తులు పదే పదే కనిపిస్తాయి. పుట్టుకతో వచ్చిన హోదా, వ్యాపారంతో వచ్చిన హోదా ఒకే కట్టడం మీద పోటీ పడిన తీరు ఇంత స్పష్టంగా కనిపించే చోట్లు తక్కువ.

1525: కూలీల తిరుగుబాటు

ఈ సంపద ఎంత బలహీనమైన పునాది మీద ఉందో ఒక్క ఏడాదిలో బయటపడింది. ఫ్రాన్స్ మీద యుద్ధానికి డబ్బు కావాలని రాజు ఎనిమిదో హెన్రీ తరఫున ఆయన ముఖ్య సలహాదారు కార్డినల్ వుల్సీ 1525లో ప్రజల మీద కొత్త వసూళ్లు మోపాడు. దానికి పెట్టిన పేరు ‘స్నేహపూర్వక కానుక’. అది కడితే కూలీలకు ఇవ్వడానికి డబ్బు మిగలదని క్లాతియర్లు పని ఆపేశారు. సఫక్, ఎసెక్స్ పల్లెల నుంచి వేలమంది లావెన్‌హామ్‌లో గుమిగూడారు. గంటలు మోగితే ఇంకెంతమంది వస్తారోనని చర్చి గంటల నాలుకలు ముందే తీసేశారని ఒక కథనం ఉంది. మీ నాయకుడు ఎవరని, గొడవ అణచడానికి వచ్చిన నార్ఫక్ డ్యూక్ అడిగితే, జాన్ గ్రీన్ అనే పెద్దాయన మా నాయకుడి పేరు పేదరికం అని జవాబిచ్చినట్టు ఆ కాలపు చరిత్ర రచన చెబుతుంది. రాజు వెనక్కి తగ్గాడు, వసూలు ఆగిపోయింది.

ఇది పక్కదారి కథలా అనిపించవచ్చు. కానీ ఇప్పుడు ఫోటోల్లో కనిపించే ఇళ్లలో చాలావరకు కట్టింది సరిగ్గా ఈ ముందువెనుక దశాబ్దాల్లోనే. ఊరి సంత బయలులో తెల్లగా నిలబడి ఉండే గిల్డ్‌హాల్ 1529 ప్రాంతంలో లేచింది. కళ్లకు ఎంతో శాంతంగా కనిపించే ఆ వీధులు కట్టేనాటికే ఊరిలో కూలి గురించిన టెన్షన్ తారస్థాయిలో ఉంది.

ఎలా కూలింది

పతనం ఒక్కరోజులో రాలేదు. బ్రాడ్‌క్లాత్ ఎక్కువగా యూరప్ మార్కెట్ల మీద ఆధారపడింది. అక్కడ యుద్ధం వస్తే సరుకు ఆగేది. అసలు దెబ్బ మాత్రం పొరుగునే ఉన్న కోల్చెస్టర్ నుంచి తగిలింది. మత హింస నుంచి పారిపోయి వచ్చిన డచ్, ఫ్లెమిష్ నేతగాళ్లు 1560ల నుంచి అక్కడ స్థిరపడ్డారు. వాళ్లు నేసే బట్ట పలచన, తేలిక, చవక. ఆ కాలంలో దానికి ‘కొత్త బట్టలు’ అనే పేరే పడింది. బరువైన నీలి బ్రాడ్‌క్లాత్‌కు గిరాకీ తగ్గుతూ వచ్చింది. లావెన్‌హామ్ క్రమంగా తన పేరుతో బట్ట అమ్మే స్థాయి నుంచి, ఇతర పట్టణాల కోసం నూలు వడికి ఇచ్చే స్థాయికి దిగిపోయింది.

ఇక్కడ మన తీరానికి ఒక నిజమైన సంబంధం ఉంది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వ్యాపార స్థావరం పెట్టింది. కోరమాండల్ తీరపు అద్దకపు నూలు బట్టలు ఆ శతాబ్దం చివరికి ఇంగ్లాండులో పెద్ద ఫ్యాషన్ అయ్యాయి. ఉన్ని, పట్టు నేతగాళ్లు తమ బతుకు పోతోందని గొడవకు దిగారు. పార్లమెంటు 1700లో భారత్, పర్షియా, చైనాల నుంచి వచ్చే అద్దకపు బట్టలను ఇంగ్లాండులో అమ్మకుండా ఆపింది. అది చాలకపోవడంతో 1721లో రంగుల నూలు బట్టల్లో చాలా రకాలను కట్టుకోవడాన్నే నిషేధించింది. అంతకుముందే, ఉన్ని గిరాకీ పడిపోకుండా చచ్చిపోయినవాళ్లను కూడా ఉన్ని బట్టలోనే చుట్టి పాతిపెట్టాలని 1660లు, 70లలో చట్టాలు చేశారు. ఇన్ని చేసినా లావెన్‌హామ్ లాంటి ఊళ్లు కోలుకోలేదు. వాటి పోటీదారు అప్పటికే దేశం లోపలే ఉన్నాడు.

పద్దెనిమిదో శతాబ్దం చివరికి ఆవిరి యంత్రం మిల్లుల్లోకి వచ్చింది. దానికి బొగ్గు కావాలి. సఫక్‌లో బొగ్గు లేదు, యంత్రాలు తిప్పే ఉధృతమైన కొండవాగులూ లేవు. రెండూ ఉన్న యార్క్‌షైర్ వైపు ఉన్ని పరిశ్రమ తరలిపోయింది. లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్, హాలిఫాక్స్ మిల్లు నగరాలయ్యాయి. అక్కడి పాత నేత ఇళ్లు చాలావరకు మిల్లుల కింద, కూలీల వరస ఇళ్ల కింద, తర్వాత రోడ్ల కింద కలిసిపోయాయి. గెలిచిన ఊళ్లు రూపం మార్చుకున్నాయి. ఓడిపోయిన ఊరు పాత రూపంతోనే మిగిలింది.

పేదరికం ఎలా కాపాడింది

ఆ కాలంలో డబ్బున్న పట్టణాల్లో ఒక అలవాటు ఉండేది. పాత చెక్క ఇల్లు కాలం చెల్లినట్టు కనిపించకుండా, దాని ముందు భాగానికి ఇటుకతో కొత్త ముఖం కట్టించడం. వరుసగా నలుచదరపు కిటికీలు, మధ్యలో స్తంభాల గుమ్మం. ఇంగ్లాండులో చాలా బజారు పట్టణాల్లో ఇటుక ముఖం వెనక్కి వెళ్లి చూస్తే ఇప్పటికీ చెక్క చట్రం దొరుకుతుంది. లావెన్‌హామ్‌లో ఇలాంటి ముఖాలు కొన్నే ఉన్నాయి. కట్టించుకునే స్తోమత కొద్దిమందికే ఉండటం దానికి కారణం. మిగతావాళ్లు ఉన్న ఇంటినే రెండు మూడు వాటాలుగా విడగొట్టి బతికారు.

గిల్డ్‌హాల్ చరిత్ర చూస్తే ఊరి దశ మొత్తం అందులో చదవవచ్చు. వ్యాపారుల మత సంఘం కట్టిన ఆ భవనం అలాంటి మత సంఘాలు రద్దయ్యాక ఊరి పాలనా కార్యాలయం అయింది, తర్వాత జైలు అయింది, పద్దెనిమిదో శతాబ్దం చివరికి గతిలేనివాళ్లను పెట్టి పని చేయించే వర్క్‌హౌస్ అయింది. వ్యాపారులు విందులు చేసుకున్న హాల్లో పిల్లలూ ముసలివాళ్లూ నూలు వడికారు. 1951 నుంచి అది చారిత్రక ఆస్తులను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది.

పంతొమ్మిదో శతాబ్దంలో ఊరు మళ్లీ లేవడానికి ప్రయత్నించకపోలేదు. గుర్రపు వెంట్రుకల నేత, కొబ్బరి పీచు చాపల తయారీ వచ్చాయి. 1860ల చివర్లో బీట్‌దుంపల నుంచి చక్కెర తీసే ఫ్యాక్టరీ కూడా పెట్టారు. ఇంగ్లాండులో ఆ రకం ఫ్యాక్టరీల్లో అది తొలి ప్రయత్నాల్లో ఒకటి. 1865లో రైలు వచ్చింది. ఏదీ నిలదొక్కుకోలేదు. ప్రయాణికుల రైలు 1961లో ఆగిపోయింది. ఈ ప్రయత్నాల్లో ఏ ఒక్కటి పెద్ద ఎత్తున విజయం సాధించినా, ఇప్పుడు చూడటానికి వెళ్లే వీధుల్లో సగం ఉండేవి కావు.

గోడ లోపల ఏముంది

ఆ ఇళ్లు వంకరగా ఎందుకున్నాయి అనే ప్రశ్నకు జవాబు చెక్కలోనే ఉంది. వడ్రంగులు ఓక్ దూలాలను ఆరబెట్టకుండా పచ్చిగా ఉన్నప్పుడే వాడేవారు. పచ్చి ఓక్ కోయడం, తొలచడం సులువు. ఎండితే ఇనుములా గట్టిపడుతుంది. ఇల్లు లేచాక, లోపల మనుషులు ఉంటుండగానే, ఏళ్ల తరబడి ఆ చెక్క ఆరుతూ, కుంచించుకుంటూ, మెలితిరుగుతూ వచ్చింది. దూలాన్ని దూలంతో కలిపింది ఇనుప మేకులు కావు, చెక్క చీలలు. అందుకే చట్రం మొత్తం కలిసికట్టుగా వంగింది తప్ప ఎక్కడా విరగలేదు. ఒక ఇల్లు ఒరిగితే పక్కిల్లు దాన్ని ఆపింది.

దగ్గరకెళ్లి చూస్తే దూలాల కలయిక దగ్గర చిన్న చిన్న గీతలు కనిపిస్తాయి. అవి వడ్రంగులు చెక్కిన రోమన్ అంకెలు. చట్రాన్ని ముందు తమ పనిస్థలంలో నేల మీద పరిచి అమర్చుకుని, ఏ ముక్క ఏ ముక్కలో దూరాలో గుర్తులు పెట్టి, విప్పి, ఇంటి స్థలానికి తెచ్చి మళ్లీ బిగించేవారు. నిలువు దూలాల మధ్య ఖాళీల్లో హేజెల్ పుల్లల తడిక అల్లి, దాని మీద బంకమన్ను, గడ్డి, పేడ కలిపి మెత్తేవారు. తెలుగు పల్లెల్లో తడిక గోడకు మట్టి పూసినట్టే. పైన సున్నం. కొన్ని ఇళ్లలో నిలువు దూలాలు అవసరానికి మించి దగ్గర దగ్గరగా ఉంటాయి. ఇంటి బరువుకు అన్ని అక్కర్లేదు. ఓక్ ఖరీదైనది కాబట్టి ఎన్ని దూలాలు కనిపిస్తే యజమాని అంత గొప్పవాడని వీధికి తెలియాలి. ఊరిలోని వాటర్ స్ట్రీట్ అనే వీధి అడుగున ఇటుకలతో కట్టిన పాతకాలపు కాలువ ఒకటి ఇప్పటికీ ఉంది. దాని మీదే ఇళ్ల వరస నిలబడింది.

విప్పి మళ్లీ బిగించే ఈ పద్ధతి ఒక ప్రమాదం కూడా తెచ్చింది. పాత ఇంటిని అమ్మి, ముక్కలుగా తరలించడం సాధ్యమయ్యేది. 1911లో ఊరిలోని ఉన్ని హాలును అలాగే విప్పి తీసుకుపోతుంటే జనం నిరసన తెలిపారు, దాన్ని వెనక్కి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడది ఒక హోటల్లో భాగం. రాతి ఇళ్లకూ ఈ గతి తప్పలేదు. ఇంగ్లాండులోని కాట్స్‌వోల్డ్స్ కొండ ప్రాంతంలో ఉన్న చెడ్‌వర్త్ నుంచి ఒక పాత రాతి ఇంటిని హెన్రీ ఫోర్డ్ కొని, 1930లో అమెరికాలోని మిషిగన్‌కు చేరవేయించి అక్కడ తన మ్యూజియం గ్రామంలో కట్టించాడు. అదింకా అక్కడే ఉంది.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ గోడలకు వచ్చిన అసలు కష్టం సిమెంటు. మట్టి, సున్నం గోడ తేమను పీలుస్తుంది, మళ్లీ వదిలేస్తుంది. బాగుచేస్తున్నామనుకుని పైన సిమెంటు పూస్తే లోపలికి చేరిన తేమ బయటకు పోయే దారి లేక ఓక్ కుళ్లిపోతుంది. ఐదు వందల ఏళ్లు నిలిచిన దూలం కొన్ని దశాబ్దాల్లో పిండి అయిపోతుంది. అందుకే ఇప్పుడు మరమ్మతు అంటే మొదట సిమెంటు ఊడగొట్టి మళ్లీ సున్నానికి రావడం. మన దగ్గర పాత కోటలకు, గుళ్లకు గానుగ సున్నంతోనే మరమ్మతు చేయాలని నిపుణులు పట్టుబట్టేది కూడా ఈ కారణంతోనే.

ఒక్కో ఊరిని ఒక్కో చేయి కాపాడింది

లావెన్‌హామ్‌ను పేదరికం కాపాడితే, పడమటి వైపు విల్ట్‌షైర్‌లోని లేకాక్‌ను ఒకే యజమాని ఉండటం కాపాడింది. 1232లో ‘ఎలా’ అనే పేరుగల సాల్స్‌బరీ కౌంటెస్ అక్కడ సన్యాసినుల మఠం స్థాపించింది. ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దు చేసినప్పుడు 1539లో అది మూతపడింది. విలియం షారింగ్టన్ దాన్ని కొని ఇల్లుగా మార్చుకున్నాడు. పెళ్లి సంబంధంతో అది టాల్బట్ కుటుంబానికి చేరింది. ఆ ఇంటి కిటికీనే 1835లో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ తన చిన్న కెమెరాతో తీశాడు. ఇప్పటిదాకా మిగిలిన వాటిలో అదే అత్యంత పాత ఫోటో నెగటివ్. 1944లో మటిల్డా టాల్బట్ మఠాన్నీ, దాదాపు ఊరు మొత్తాన్నీ నేషనల్ ట్రస్ట్‌కు ఇచ్చేసింది. అందుకే లేకాక్‌లో చాలామంది యజమానులు కారు, ట్రస్ట్ కింద అద్దెకు ఉండేవాళ్లు. వీధిలో తీగలు, యాంటెనాలు కనిపించకపోవడానికి, పాతకాలపు సినిమాలకు ఆ ఊరు తేలికగా సరిపోవడానికి మూలం ఈ ఏక యాజమాన్యమే.

అదే జిల్లాలోని కాజిల్ కూంబ్‌ది పూర్తిగా వేరే దారి. అక్కడా ఒకే ఎస్టేటు కింద ఊరుండేది, కానీ 1947లో దాన్ని ముక్కలు ముక్కలుగా వేలం వేశారు. ఒక్కో ఇల్లు ఒక్కొక్కరి చేతికి వెళ్లింది. ఇవాళ రెండు ఊళ్లూ ఒకేలా అందంగా కనిపిస్తాయి. కానీ ఇంట్లో ఎవరుండాలనేది ఒకచోట ట్రస్ట్ నిర్ణయం, మరోచోట మార్కెట్ నిర్ణయం. బయటి నుంచి వచ్చి చూసేవాళ్లకు ఈ తేడా కనిపించదు. అక్కడ ఇల్లు కావాలనుకునే కుటుంబానికి మాత్రం ఇదే అన్నిటికన్నా పెద్ద తేడా.

నేషనల్ ట్రస్ట్ ప్రభుత్వ శాఖ కాదు. 1895లో మొదలైన స్వచ్ఛంద సంస్థ. 1907 చట్టం దానికొక అరుదైన అధికారం ఇచ్చింది. కొన్ని ఆస్తులను ‘అన్యాక్రాంతం చేయరానివి’గా ప్రకటించవచ్చు, ఆ తర్వాత పార్లమెంటు అనుమతి లేకుండా వాటిని ఎవరూ లాక్కోలేరు, ట్రస్ట్ కూడా అమ్ముకోలేదు.

చట్టం పెట్టిన గీతలు

మిగతా వేల ఊళ్లను కాపాడేది లిస్టింగ్, అంటే కాపాడాల్సిన భవనాలను చట్టబద్ధమైన జాబితాలో చేర్చడం. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి ఏ భవనం నిలబెట్టాలి, ఏది కూల్చవచ్చు అనే ప్రశ్న వచ్చినప్పుడు జాబితాల ఆలోచన బలపడింది. 1947 నాటి పట్టణ, గ్రామ ప్రణాళిక చట్టం దానికి పునాది వేసింది. 1967 చట్టం ఒక్కో భవనాన్నే కాకుండా వీధి మొత్తాన్ని ‘కన్జర్వేషన్ ఏరియా’గా ప్రకటించే వీలు కల్పించింది. 1700కు ముందు కట్టి, అసలు రూపానికి దగ్గరగా మిగిలిన ఇల్లు ఏదైనా దాదాపు తప్పకుండా జాబితాలోకి వస్తుంది. మూడు తరగతుల్లో తొంభై శాతానికి పైగా కింది తరగతి అయిన గ్రేడ్ టూలోనే ఉన్నాయి.

జాబితాలో ఉన్న ఇంటి కిటికీ మార్చాలన్నా, లోపలి గోడ తీయాలన్నా స్థానిక కౌన్సిల్ అనుమతి కావాలి. అనుమతి లేకుండా మార్చడం నేరం, జైలు శిక్ష కూడా పడవచ్చు. అయినా ఆ ఇంటి మరమ్మతు బాధ్యత యజమానిదే. ప్రభుత్వమే డబ్బు పెడుతుందన్నది ఎక్కువమందికి ఉన్న అపోహ. సాయం దొరికేది కొద్దిమందికే. పన్ను విధానం ఇంకా వింతగా ఉంది. కొత్త ఇల్లు కడితే వ్యాట్ సున్నా, పాత ఇల్లు బాగుచేస్తే 20 శాతం. లిస్టెడ్ ఇళ్లలో అనుమతి పొందిన మార్పులకు ఉన్న మినహాయింపును కూడా 2012లో తీసేశారు. పాతదాన్ని కాపాడమని చట్టం ఒకవైపు ఆదేశిస్తుంటే, దాన్ని కాపాడేవాడి మీదే పన్ను ఎక్కువ పడుతోంది. ఈ విధానంలో అన్నిటికన్నా సమర్థించలేని భాగం ఇదే.

చలి దేశంలో పాత ఇల్లు వెచ్చగా ఉంచుకోవడం మరో భారం. ఒంటి అద్దం కిటికీలు, సందులున్న చెక్క గోడలు, వాటికి జంట అద్దాలు బిగించాలంటే అనుమతి, సోలార్ పలకలు పెట్టాలంటే అనుమతి. అనుమతి వచ్చినా పని తెలిసిన మేస్త్రీలు తక్కువ, కూలి ఎక్కువ.

చూడటానికి వచ్చేవాళ్లు, ఉండటానికి వచ్చేవాళ్లు

గ్లాస్టర్‌షైర్‌లోని బైబరీ ఈ ఒత్తిడికి ప్రస్తుతం బాగా వార్తల్లో ఉన్న ఉదాహరణ. కోల్న్ ఏటి ఒడ్డున ఉన్న ఆర్లింగ్టన్ రో అనే ఇళ్ల వరస మొదట 1380 ప్రాంతంలో ఉన్ని గోదాముగా కట్టినది. పదిహేడో శతాబ్దంలో దాన్ని నేతగాళ్ల ఇళ్లుగా మార్చారు. ఎదురుగా ఉన్న తడి పచ్చిక బయల్లో కొయ్యలు పాతి బట్టలు ఆరబెట్టేవారు. కొన్ని వందల మంది ఉండే ఆ ఊరికి సీజన్లో వచ్చే జనం దానికి ఎన్నో రెట్లు. సన్నటి వంతెన దగ్గర కోచ్‌లు, అంటే పెద్ద టూరిస్టు బస్సులు, ఎదురుపడితే రోడ్డంతా ఆగిపోతుంది. ఫోటో కోసం జనం ఇళ్ల తోటల్లోకి అడుగుపెడతారు. 2025లో కౌంటీ కౌన్సిల్ ఊరి మధ్య కోచ్‌లు ఆగే స్థలాలను ప్రయోగాత్మకంగా తీసేసింది.

ఇక్కడ లాభనష్టాల పంపిణీ గమనించాల్సింది. రోజంతా టూర్లు నడిపే సంస్థలకు ఊరి అందం ఉచిత ముడిసరుకు. కోచ్‌లో వచ్చి నలభై నిమిషాలు తిరిగి వెళ్లేవాళ్లు ఊరిలో పెట్టే ఖర్చు ఒక ఐస్‌క్రీమ్, ఒక టీ. రాత్రి బస చేసేవాళ్ల వల్ల హోటలుకు, పబ్బుకు, అంగడికి ఆదాయం వస్తుంది. చాలా ఊళ్లలో అంగడి, పోస్టాఫీసు బతికి ఉన్నాయంటే అది వాళ్ల చలవే. పర్యాటకులు అసలు రాకూడదనేది ఊరివాళ్ల మాట కూడా కాదు. ఎలా వస్తారు, ఎంతసేపు ఉంటారు, ఎంత ఖర్చు పెడతారు అనేదే ప్రశ్న.

లోతైన మార్పు మాత్రం ఇళ్లలో జరుగుతోంది. అందమైన ఊరిలో ఇల్లు సెలవుల ఇల్లుగానో, రోజువారీ అద్దెకిచ్చే ఇల్లుగానో ఎక్కువ సంపాదిస్తుంది. పొలంలో, బడిలో, ఆస్పత్రిలో పనిచేసే స్థానికుడు ఆ ధరతో పోటీ పడలేడు. కొత్త ఇళ్లు కట్టి సర్దుకుందామంటే కన్జర్వేషన్ నియమాలు స్థలాన్ని పరిమితం చేస్తాయి. యువకులు వెళ్లిపోతారు, బడిలో పిల్లలు తగ్గుతారు, బస్సు తిరగడం తగ్గుతుంది. శీతాకాలంలో కొన్ని వీధుల్లో వెలిగే కిటికీలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఒకప్పుడు పేదవాళ్లు ఉండటం వల్లే నిలిచిన ఇంట్లో, ఇప్పుడు పేదవాడికి చోటు లేదు.

దీనికి ప్రభుత్వాలు వెతుకుతున్న మందుల్లో ఒకటి పన్ను. 2023 చట్టం ప్రకారం 2025 ఏప్రిల్ నుంచి ఇంగ్లాండులోని కౌన్సిళ్లు రెండో ఇంటి మీద కౌన్సిల్ ట్యాక్స్‌ను, అంటే స్థానిక ఇంటి పన్నును, రెట్టింపు దాకా పెంచుకోవచ్చు. మరొకటి ఊరివాళ్లే సంఘంగా ఏర్పడి భూమిని శాశ్వతంగా చేతిలో పెట్టుకుని, స్థానికులకు అందుబాటు అద్దెకు ఇళ్లు కట్టే కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్ట్. లావెన్‌హామ్‌లోనూ ఈ దారి పట్టారు. సంఖ్య చిన్నదే అయినా, పాత లేకాక్ ఏక యాజమాన్యం ఇచ్చిన రక్షణను ఊరి ఉమ్మడి యాజమాన్యం ద్వారా తెచ్చుకునే ప్రయత్నంగా దీన్ని చూడాలి. రెండో ఇంటి పన్నుతో పోలిస్తే ఇదే గట్టి దారి. పన్ను కట్టగలిగినవాడు పన్ను కట్టి ఇల్లు ఖాళీగానే ఉంచుకోగలడు. ట్రస్ట్ భూమి మీద ఉన్న ఇల్లు మార్కెట్‌కే రాదు.

పోచంపల్లి వైపు చూస్తే

2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో భూదాన్ పోచంపల్లి చేరింది. అదీ నేత ఊరే, కాకపోతే అక్కడ మగ్గం ఇంకా ఆడుతోంది. లావెన్‌హామ్‌లో నేత పోయి ఇళ్లు మిగిలాయి. తెలుగు నేత ఊళ్లలో నేత మిగిలింది, పాత పెంకుటిళ్లు ఒక్కొక్కటిగా డాబాలవుతున్నాయి. కోనసీమలో మండువా ఇళ్లను విప్పి టేకు అమ్ముకోవడం కూడా 1911 నాటి లావెన్‌హామ్ ఉన్ని హాలు తరహా వ్యవహారమే, ఆపిన జనం మాత్రం కనిపించరు. భారత చట్టంలో స్మారకాలకు రక్షణ ఉంది. మనుషులు కాపురముండే మామూలు వీధికి ఇంగ్లాండు 1967లో ఇచ్చిన లాంటి రక్షణ ఇక్కడ పల్లెల దాకా రాలేదు. వచ్చిననాడు అక్కడి నుంచి తీసుకోవాల్సింది కిటికీల నియమాల కంటే ముందు మరమ్మతు ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, ఇంట్లో ఎవరు ఉండగలగాలి అనే రెండు ప్రశ్నలు.

రాబోయే కొన్నేళ్లలో

బైబరీ కోచ్ ప్రయోగం ఫలితాన్ని కాట్స్‌వోల్డ్స్‌లోని మిగతా ఊళ్లు గమనిస్తున్నాయి. బస్సులు ఒక ఊరిలో ఆగకపోతే పక్క ఊరికి మళ్లడం సహజం. కాబట్టి ఒక్కో ఊరు విడిగా పెట్టుకునే ఆంక్షలు సమస్యను జరపగలవు తప్ప తగ్గించలేవు. ముందే బుక్ చేసుకునే పార్కింగ్, ఊరి బయట ఆపి నడిపించే పద్ధతి, ప్రాంతం మొత్తానికి ఒకే నియమం లాంటివి ముందుకొచ్చే అవకాశం ఉంది. రెండో ఇంటి పన్ను పడ్డాక కొందరు యజమానులు ఇళ్లను వ్యాపార అద్దె ఇళ్లుగా నమోదు చేసుకుని ఆ పన్ను తప్పించుకునే వీలుంది. కౌన్సిళ్లకు రాబోయే పెద్ద తగాదా బహుశా దాని చుట్టూనే. ఇక పాత ఇళ్లకు వేడి నిలుపుకునే మార్పులు ఎంతవరకు అనుమతించాలన్నది మూడో అంశం. అనుమతులు కఠినంగా ఉంటే సామాన్య కుటుంబం ఆ ఇల్లు వదిలేస్తుంది. మరీ వదులుగా ఉంటే సున్నం గోడ మళ్లీ ప్లాస్టిక్ పొర వెనక చెమ్మగిల్లుతుంది. ఏ ఇంటికి ఎంతవరకు అన్నది లావెన్‌హామ్ లాంటి చోట కౌన్సిల్ అధికారి, ఇంటివాళ్లు, సున్నం పని తెలిసిన మేస్త్రీ కలిసి ఒక్కో గోడ దగ్గర తేల్చుకోవాల్సిందే.